స్పెయిన్ నగరాలలో ముస్లింల నిత్యజీవితపు ఆనవాళ్లు

దక్షిణ స్పెయిన్‌ను చూడవచ్చే యాత్రికుల బృందాలు సాధారణంగా ఒకే దారిలో నడుస్తాయి. మొదట కార్డోవా, తరువాత సెవిల్, చివరగా గ్రనడా. అరబ్బీ గ్రంథాలలో ఇవే కుర్తుబా, ఇష్బీలియా, గర్నాతా. మార్గదర్శి ముడిచిన గొడుగునో రంగు జెండానో పైకెత్తి పట్టుకొని ముందు నడుస్తాడు. ముప్పయి నలభై మంది అతని వెనుక నడుస్తారు. కుర్తుబా జామె మస్జిదులో ఒక గంట, ఇష్బీలియా రాజప్రాసాదంలో ఇంకొక గంట, అల్ హమ్రా కోటలో ఒక పూట గడుస్తాయి. ఎవరు ఎప్పుడు కట్టించారు, ఎన్ని స్తంభాలున్నాయి, ఏ రాజు ఎప్పుడు ఓడిపోయాడు అన్న వివరాలు వినిపిస్తాయి. సాయంత్రం బృందం విడిది చేరుకుంటుంది.

ఈ బృందాలలో ముస్లింలు కూడా ఉంటారు. వారిలో చాలామంది వెంట తెచ్చుకొనేది ఒక నిట్టూర్పు. క్రీ.శ. 711లో, అనగా హిజ్రీ 92లో తారిఖ్ బిన్ జియాద్ సముద్రం దాటి రావడం, 1492 జనవరి 2న గర్నాతా తాళపుచెవులు చేతులు మారడం - ఈ రెండు తేదీల నడుమ ఉన్న కాలమంతా వారి దృష్టిలో ఒక సింహాసనం కథ. సింహాసనం పోయింది కాబట్టి అంతా పోయిందని వారనుకుంటారు. కాని అందలుస్ ముస్లింలు ఆ గడ్డ మీద నిర్మించిన వాటిలో రాజభవనాలు చిన్న భాగం మాత్రమే. వాడవాడకూ నీరు చేరవేసే కాలువ, బజారులో తూనికలు పరీక్షించే అధికారి, వీధి చివరి హమ్మాము, బాటసారులు దిగే సరాయి - నగరం నడిచింది వీటితో. రాజులు పోయిన తరువాత కూడా చాలాకాలం నిలిచినవి ఇవే. చివరకు శాసనం చేసి నిషేధించవలసి వచ్చినవి కూడా వీటిలోనివే.

కుర్తుబాతో ప్రారంభిద్దాం. మొదటి అబ్దుర్రహ్మాన్ 785 ప్రాంతంలో ఈ జామె మస్జిదుకు పునాది వేశాడు. తరువాతి వారు మూడుసార్లు దానిని విస్తరింపజేశారు. రెండవ హకమ్ కాలంలో, 960ల దశకంలో, బైజాంటియం చక్రవర్తి పంపిన శిల్పి చేతుల మీదుగా మిహ్రాబుకు గాజు పలకల అలంకరణ జరిగింది. నేడు నిలిచి ఉన్న స్తంభాలు 856. 1236లో మూడవ ఫెర్నాండో నగరాన్ని జయించినప్పుడు మస్జిదును చర్చిగా మార్చారు. అయితే కట్టడాన్ని దాదాపు అలాగే ఉంచారు. నడిమి భాగాన్ని పడగొట్టి పెద్ద చర్చి కట్టాలన్న ప్రయత్నం 1523లో, అంటే సుమారు మూడు వందల సంవత్సరాల తరువాత వచ్చింది. అప్పుడు అడ్డుపడింది ఎవరు? ఆ నగరంలోని క్రైస్తవుల పురపాలక సభ. రాజు నిర్ణయం వెలువడేదాకా ఆ కట్టడం మీద చేయి వేసే పనివానికి మరణశిక్ష విధిస్తామని ఆ సభ చాటింపు వేయించింది. ఐదవ చార్లెస్ బిషప్ పక్షం వహించడంతో పని సాగింది. ఒక నగరానికి తన కట్టడం మీద ఉండే మమకారం మతం హద్దులను దాటి కూడా నిలుస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. మార్గదర్శులు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటిపోతారు.

1933లో అల్లామా ఇఖ్బాల్ ఈ మస్జిదును దర్శించి అందులో నమాజు చేసిన సంగతి, ఆ అనుభవం నుంచి పుట్టిన ఆయన ఉర్దూ కావ్యం గురించి పాఠకులు ఎరుగుదురు. నేడు అక్కడ ముస్లింలు నమాజు చేయడానికి చర్చి అధికారుల అనుమతి లేదు. ఈ వివాదం ఎడతెగనిది. దానిని ఇంతటితో విడిచి, బృందం తరువాత నడిచే వంతెన మీదికి పోవడం మేలు.

రోమనులు కట్టిన ఆ వంతెన వాదిల్ కబీర్ నదిని దాటుతుంది. నేటి స్పానిష్ భాషలో గ్వాదల్కివీర్ అన్నది ఆ అరబ్బీ పేరే. వంతెనకు దక్షిణ తీరాన యాత్రికులు ఫోటోలు తీసుకొని వెనుదిరుగుతారు. ఆ తీరంలోనే షఖుందా అనే పేట ఉండేది. నగర ప్రాకారం బయటి పేటను అరబ్బీలో రబద్ అంటారు. చేతిపనివారు, చిన్న వర్తకులు, మతవిద్య నేర్చే విద్యార్థులు అక్కడ కిక్కిరిసి ఉండేవారు. మొదటి హకమ్ అనే అమీరు విధించిన పన్నుల మీద, అతని కిరాయి సైనికుల ఆగడాల మీద అక్కడ అసంతృప్తి రాజుకుంటూ ఉండగా, 818లో ఒక సైనికుడు కత్తి సానపట్టే పనివాడిని చంపాడట. పేట అంతా వంతెన మీదుగా రాజప్రాసాదం మీదికి వెళ్లింది. ధర్మవేత్తలలో కొందరు ప్రజల పక్షం వహించారు. అమీరు సైన్యం వెనుకనుంచి వచ్చి పేటకు నిప్పు పెట్టింది. మూడు వందల మందిని శిలువ వేశారు. పేటను నేలమట్టం చేసి, అక్కడ మళ్లీ ఇళ్లు కట్టరాదని ఆజ్ఞాపించారు. బ్రతికినవారు దేశం విడిచిపోయారు. కొందరు మొరాకోలోని ఫాస్ నగరం చేరి ఒక వాడను నింపారు. ఆ వాడను నేటికీ అందలుసీల వాడ అంటారు. మరికొందరు అలెగ్జాండ్రియా మీదుగా క్రీట్ దీవికి వెళ్లి, దానిని జయించి, 961 దాకా ఏలారు.

అందలుస్ అనగానే సహనానికి, సామరస్యానికి స్వర్గమని వర్ణించడం కొందరికి అలవాటు. మధ్యయుగపు చీకటి అని కొట్టివేయడం మరికొందరికి అలవాటు. షఖుందా ఈ రెండింటికీ లొంగదు. అక్కడ ముస్లిం పాలకుడు ముస్లిం పేటను కాల్చాడు. అదే చోట సామాన్య నగరవాసులు తమ పాలకుని ముందు నిలబడి పన్నుల లెక్క అడిగారు కూడా. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కుర్తుబాలో లక్షల ఇళ్లు, వందల హమ్మాములు ఉండేవని మన ఉపన్యాసాలలో వినవచ్చే అంకెలు చాలావరకు మఖ్ఖరీ గ్రంథం నుంచి వచ్చినవి. ఆయన తిలిమ్సాన్ వాసి. కుర్తుబా చేజారిన నాలుగు శతాబ్దాల తరువాత, కైరోలో కూర్చొని, పాత రచనలను పోగుచేసి రాశాడు. ఆ అంకెలు లేకున్నా కుర్తుబా గొప్ప నగరమే.

ఆ నగరాలలో దినం ఎలా గడిచిందో తెలుసుకోవడానికి రాజుల చరిత్రల కంటె పనికివచ్చేవి హిస్బా గ్రంథాలు. మంచిని ఆదేశించడం, చెడును వారించడం అన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని బజారులో అమలుపరచే అధికారి ముహ్తసిబ్. అతని పనికి మార్గదర్శకంగా రాసినవి ఈ గ్రంథాలు. పన్నెండవ శతాబ్దపు ఆరంభంలో ఇష్బీలియాలో ఇబ్నె అబ్దూన్ రాసిన చిన్న పుస్తకం వీటిలో ప్రసిద్ధం. గుడ్లు అమ్మేవాడు తన ముందు నీళ్ల గిన్నె పెట్టుకోవాలని, కొనేవాళ్లు చెడ్డ గుడ్డును అప్పటికప్పుడే గుర్తుపట్టగలగాలని ఆయన రాశాడు. కుందేళ్లను తోలు ఒలిచి మాత్రమే అమ్మాలి, లేకపోతే మాంసం తాజాదో కాదో తెలియదు. ఆకుకూరలను తోటల్లోని మురికి గుంటలలో కడగరాదు, నదిలోనే కడగాలి. పడవవాళ్లు మోయదగినదానికంటె ఎక్కువ మందిని ఎక్కించరాదు. ఇటుకలు, ఇంటిదూలాలు ఒకే కొలతకు రావడానికి గట్టి కొయ్యతో చేసిన నమూనాలను జామె మస్జిదు గోడకు వేలాడదీయాలి. కొలతలో మోసం జరిగిందని అనుమానం కలిగిన ఏ మేస్త్రీ అయినా, ఏ ఇంటి యజమాని అయినా మస్జిదుకు వెళ్లి సరిచూసుకోవచ్చు. మస్జిదు నమాజుకు మాత్రమే కాక నగరపు కొలబద్దకు కూడా నిలయమన్నమాట.

అదే పుస్తకంలో మరో వాక్యమున్నది. శాస్త్ర గ్రంథాలను యూదులకు, క్రైస్తవులకు అమ్మరాదని, వారు వాటిని తర్జుమా చేసి తమవారి పేర్లు పెట్టుకుంటున్నారని ఇబ్నె అబ్దూన్ ఫిర్యాదు చేశాడు. హమ్మాములో ముస్లిం పనివాడు యూదునికి, క్రైస్తవునికి ఒళ్లు రుద్దరాదని కూడా రాశాడు. సామరస్యం గురించి రాసేవారు ఈ వాక్యాలను వదిలివేస్తారు. సంకుచితత్వం గురించి రాసేవారు గుడ్ల గిన్నెను వదిలివేస్తారు. నగరాధికారి రాతలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పైగా ఒక పనిని వద్దని రాశారంటే అది బజారులో జరుగుతూ ఉందనే అర్థం. పుస్తకాలు అమ్ముడుపోయాయి, తర్జుమాలు జరిగాయి, ఐరోపా చదువుకొన్నది. తరువాతి శతాబ్దంలో మాలఖా వాసి సఖతీ రాసిన హిస్బా గ్రంథంలో రొట్టెలవాళ్ల మోసాలతోపాటు బానిసల వ్యాపారుల మోసాలు కూడా వివరంగా ఉన్నాయి. మనుషులను అమ్మే అంగడి కూడా ఆ నగరాలలో ఉండేది. దానిని కప్పిపుచ్చి చరిత్ర చెప్పుకోలేము.

ముస్లిం నగరాలను జయించిన క్రైస్తవ రాజులు ముహ్తసిబ్ పదవిని రద్దు చేయలేదు. కాస్టీలులో అతడు అల్మొతసేన్ అయ్యాడు, వలెన్సియాలో ముస్తస్సాఫ్ అయ్యాడు. ఆ పదవిలోకి వచ్చినవాడు క్రైస్తవుడు, పని మాత్రం పాతదే. భాష కూడా ఇదే దారి పట్టింది. స్పెయిన్ నగరంలో మేయరును అల్కాల్దే అంటారు. అది అల్ ఖాదీ, అంటే మనం ఖాజీ అనే మాట. తాపీపనివాడు అల్బాన్యిల్, అది అల్ బన్నా. వాడను బార్రియో అంటారు, శివారు పేటను అర్రబాల్ అంటారు. కుర్తుబాలో కాలిపోయిన రబద్ ఆ మాటలో నేటికీ మిగిలి ఉన్నది. నీటికాలువ అసేకియా, అది సాఖియా. గిడ్డంగి అల్మాసేన్, అది అల్ మఖ్‌జన్. పత్రికలకు వాడే మాగజైన్ అన్న పేరు కూడా ఐరోపా భాషలలో తిరిగి తిరిగి ఈ మఖ్‌జన్ నుంచే వచ్చింది. సుంకం వసూలు చేసే చోటు అద్వానా, అది దీవాన్. అదే దీవాన్ ఫారసీ మీదుగా తెలుగునాటికి వచ్చి దివాణం అయి, జమీందారు కచేరిలో కూర్చున్నది. వజీరు పాట్లు మాత్రం జాలిగొలిపేవి. స్పెయిన్‌లో ఆయన అల్గ్వాసిల్ అయి, చివరకు కోర్టు బంట్రోతు స్థాయికి దిగిపోయాడు.

కొన్ని మాటలు తూర్పునుంచి పడమటికి వెళ్లాయి. ఇష్బీలియా వీధులలో, కుర్తుబా మస్జిదు ముంగిట వరుసగా కనిపించే చెట్ల కాయను స్పానిష్‌లో నారాన్హా అంటారు. అరబ్బీలో నారంజ్, ఫారసీలో నారంగ్, తెలుగులో నారింజ. ఆ మాట పుట్టుక దక్షిణ భారత భాషలలోనే ఉండవచ్చునని పలువురు భాషావేత్తల అభిప్రాయం. చెట్టునూ దానితోపాటు పేరునూ ఆ పడమటి తీరానికి చేర్చినది అరబ్బులు.

ఇష్బీలియాలో బృందం ముందుగా హిరాల్దా బురుజు ఎక్కుతుంది. అది మువహ్హిద్ పాలకులు 1184లో ప్రారంభించి 1198లో ముగించిన మినారు. పైకి పోవడానికి మెట్లు లేవు, 35 ఏటవాలు దారులున్నాయి. గుర్రం మీద కూడా ఎక్కవచ్చు. గంటలున్న పైభాగం 1568లో చేర్చినది. తరువాత రాజప్రాసాదం. అక్కడ ప్రధాన ద్వారం మీద నీలి అక్షరాలలో, కూఫీ లిపిలో 'వలా గాలిబ ఇల్లల్లాహ్' అని ఉంటుంది. అల్లాహ్ తప్ప విజేత లేడని అర్థం. ఇది గర్నాతా సుల్తానుల నినాదం. దీనిని కట్టించినవాడు మాత్రం క్రైస్తవ రాజు పెడ్రో. అదే ద్వారం మీది స్పానిష్ శాసనంలో 1364కు సరిపోయే సంవత్సరం ఉన్నది. పనివారిలో గర్నాతా, తులైతులా నగరాల ముస్లింలున్నారు.

విచిత్రమేమంటే, సరిగ్గా ఆ ఏడాదే గర్నాతా సుల్తాను దూతగా ఒక ముస్లిం పండితుడు ఆ నగరానికి వచ్చాడు. ఆయన ఇబ్నె ఖల్దూన్. అప్పటికి ఆయన వయస్సు 32. ఆయన పూర్వీకులు తరతరాలుగా ఇష్బీలియాలోని పెద్ద కుటుంబం. 1248లో ఆ నగరం క్రైస్తవుల వశమయ్యే ముందే వారు దానిని విడిచి సముద్రం దాటారు. ఆయన తూనిస్‌లో పుట్టాడు. ఇష్బీలియాలో తన పెద్దల ఆనవాళ్లను కళ్లారా చూశానని స్వీయచరిత్రలో రాసుకొన్నాడు. రాజవైద్యుడైన ఒక యూదుడు పెడ్రో ముందు ఆయన ప్రతిభను పొగిడాడు. తన కొలువులో ఉండిపోతే పూర్వీకుల ఆస్తిని తిరిగి ఇప్పిస్తానని రాజు చెప్పాడు. ఇబ్నె ఖల్దూన్ మర్యాదగా నిరాకరించి, ఇచ్చిన కానుకలు తీసుకొని వెళ్లిపోయాడు. తాతల ఊరిలో ఆయన నిట్టూర్చాడో లేదో ఎవరికీ తెలియదు. నాగరికతలు ఎలా పుడతాయి, నగరాలు ఎలా క్షీణిస్తాయి అన్న ప్రశ్నకు సమాధానం మాత్రం పదమూడేళ్ల తరువాత ముఖద్దిమాలో రాశాడు.

గర్నాతాకు చేరినవారికి మొదట వినిపించేది నీళ్ల చప్పుడు. అల్ హమ్రా ఫవారాలను అందరూ చూస్తారు. ఎదుటి కొండ మీది అల్బైసీన్ వాడలో, ఇళ్ల నడుమ ఇటుక కమానుల కింద ఉన్న నీటితొట్లను కొద్దిమందే చూస్తారు. వీటి పేరు అల్హీబె, అరబ్బీలో జుబ్. చాలావాటి పక్కన ఒకప్పుడు వాడ మస్జిదు ఉండేది. ఊరి బయట అల్ఫకార్ ఊట నుంచి ఐనద్దమ్‌అ అనే కాలువ వాటికి నీరు తెచ్చేది. ఆ పేరుకు కన్నీటి ఊట అని అర్థం. కాలువ నీటిలో ఏ గంట ఏ తోటది, ఏ గంట ఏ తొట్టిది అన్న వంతులుండేవి. ముస్లిం పాలన పోయిన తరువాత కూడా ఆ వంతులనే పాటించమని కొత్త ప్రభువులు ఆజ్ఞాపించారు. నీటి విషయంలో పాత లెక్క చెరిపితే పొలాలు ఎండుతాయని వారికి తెలుసు.

ఈ బృందాలు వెళ్లని వలెన్సియా నగరంలో ఇటువంటి పద్ధతి నేటికీ సజీవంగా ఉన్నది. ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి ద్వారం ముందు, ఒకప్పుడు జామె మస్జిదు ఉన్న స్థలంలో, కాలువల రైతులు ఎన్నుకొన్న న్యాయమూర్తులు నల్లని అంగీలు ధరించి కూర్చుంటారు. నీటి తగవులు నోటిమాటగానే విని, అక్కడికక్కడే తీర్పు చెబుతారు. వకీళ్లు ఉండరు. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. 960లోనే పుట్టిందన్న ప్రచారానికి పత్రాల ఆధారం చాలదు గాని, కాలువల పేర్లు, నీటిని భాగాలుగా పంచే తీరు ముస్లింల నాటివేనన్నది స్పష్టం.

1350లో ఇబ్నె బతూతా గర్నాతాకు వచ్చాడు. ఢిల్లీలో ఖాజీ ఉద్యోగం చేసి, దక్షిణ భారత తీరమంతా తిరిగి, స్వదేశం చేరిన కొద్దికాలానికే ఆయన చేసిన యాత్ర ఇది. సుల్తాను అస్వస్థుడై ఉండడంతో దర్శనం దొరకలేదు. రాజమాత బంగారు దీనారులు పంపింది. గర్నాతాలో కాపురమున్న దూరదేశపు ఫకీరుల పేర్లను ఆయన రాసిపెట్టాడు. సమర్ఖందు, తబ్రీజు, ఖునియా, ఖురాసాను వాసులతోపాటు హిందూ దేశపు హాజీలు ఇద్దరు, అలీ, రషీద్ అనేవారు, ఆ జాబితాలో ఉన్నారు. తమ దేశాలను పోలి ఉన్నందువల్ల వారు అక్కడ నిలిచిపోయారని ఆయన రాశాడు. ఒక నగరానికి ఇంతకంటె పెద్ద యోగ్యతాపత్రం ఉండదు.

ఆయన వచ్చే ముందు సంవత్సరమే, 1349లో, సుల్తాన్ యూసుఫ్ జామె మస్జిదు ఎదుట మద్రసా స్థాపించాడు. దగ్గరలోనే పట్టు వర్తకుల ఖైసరియా, వర్తకులు సరుకుతో దిగే ఫుందుఖ్ ఉండేవి. ఫుందుఖ్ నేటికీ ఉన్నది. బొగ్గు అమ్మినందువల్ల దానికి బొగ్గుల దొడ్డి అన్న పేరు స్థిరపడింది. ఖైసరియా 1843లో కాలిపోగా తిరిగి కట్టిన ఇరుకు సందులలో ఇప్పుడు యాత్రికులకు విసనకర్రలు అమ్ముతారు. మద్రసా నమాజు గది మిగిలి ఉన్నది. ఆ భవనం గ్రనడా విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్నది.

1491 నవంబరులో కుదిరిన ఒడంబడికలో గర్నాతా ముస్లింల మతానికి, మస్జిదులకు, షరీఅత్ న్యాయానికి హామీ ఇచ్చారు. మొదటి ఆర్చిబిషప్ తలవేరా అరబ్బీ నేర్చుకోమని తన మతగురువులను ప్రోత్సహించాడు. 1499లో కార్డినల్ సిస్నేరోస్ వచ్చి బలవంతపు బాప్తిస్మాలు ప్రారంభించాడు. అల్బైసీన్ వాడ తిరగబడింది. దానినే సాకుగా చూపి ఒడంబడికను రద్దు చేశారు. బాబుర్రమ్లా చౌకులో అరబ్బీ గ్రంథాలను తగులబెట్టారు. వైద్య గ్రంథాలను మాత్రం ఏరి పక్కన పెట్టారు. మద్రసా పురపాలక కార్యాలయమైంది. నేడు ఆ చౌకులో పూల అంగళ్లు, భోజనశాలలు ఉన్నాయి. మధ్యాహ్న భోజనానికి బృందాలను అక్కడికే తీసుకువస్తారు.

ఈ విధంగా పేరుకు క్రైస్తవులైనవారిని మొరిస్కోలు అన్నారు. 1567 జనవరి 1న రెండవ ఫిలిప్ శాసనం ఒకటి వెలువడింది. మూడేళ్లలో అందరూ కాస్టీలు భాష నేర్చుకోవాలి, ఆ తరువాత అరబ్బీ మాట్లాడరాదు, చదవరాదు, రాయరాదు. అరబ్బీ పత్రాలు చెల్లవు. స్త్రీలు ముసుగు వేసుకోరాదు. వారి దుస్తులు, పేర్లు, పెళ్లి పాటలు నిషిద్ధం. శుక్రవారాలలోను పండుగలలోను ఇంటి తలుపులు తెరిచి ఉంచాలి. హమ్మాములను కూల్చివేయాలి.

దీనికి జవాబు చెప్పడానికి ముందుకు వచ్చినవాడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే. మూలే అంటే మౌలాయ్. ఆయన పెద్ద కుటుంబానికి చెందిన వృద్ధుడు, పిన్న వయసులో ఆర్చిబిషప్ తలవేరా వద్ద పనిచేసినవాడు. గ్రనడా న్యాయసభ అధ్యక్షుడు పెడ్రో దె దేసాకు ఆయన సమర్పించిన విన్నపం మిగిలి ఉన్నది. అది ఆవేశంతో రాసింది కాదు, ఒక్కొక్క నిషేధాన్ని తీసుకొని నగరవాసి తెలివితో ఇచ్చిన సమాధానం. దుస్తులు మతం కావు, ప్రాంతపు అలవాటు, తురుష్కుల వేషం వేరు, మొరాకోవారి వేషం వేరు, అయినా అందరూ ముస్లింలే కదా అన్నాడు. తూర్పు దేశాలలో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు ఎందరో ఉన్నారని గుర్తుచేశాడు. పల్లెటూరి ముసలివాళ్లు మూడేళ్లలో కొత్త భాష ఎలా నేర్చుకుంటారని అడిగాడు. భూముల దస్తావేజులు, వ్యాపారపు లెక్కలు అరబ్బీలో ఉన్నాయి, అవి చెల్లకపోతే ఆస్తి ఎవరిదని నిరూపించేది ఎలా? పాత పేర్లు పోతే ఎవరు ఎవరి వంశమో తెలిసేది ఎలా? తలుపులు తెరిచి ఉంచితే దొంగలు రారా? హమ్మాములున్నది మురికి వదిలించుకోవడానికి. అక్కడ పనిచేసేవారు చాలావరకు క్రైస్తవులే అయినప్పుడు రహస్యంగా మతాచారాలు ఎలా జరుగుతాయి?

ఆ విన్నపంలో బానిసలను ఉంచుకొనే హక్కును కూడా ఆయన సమర్థించాడు. అందులో ఆయన తన కాలపు మనిషి. ఆయన అంతరంగంలో ఏ విశ్వాసం ఉండిందో తేల్చడం చరిత్రకారుని పని కాదు. అందలుస్ నగర జీవితానికి చివరగా వకాల్తా పుచ్చుకొన్నవాడు మాత్రం ఆయనే. అప్పటికి సుల్తానులు పోయి 75 ఏళ్లయింది.

విన్నపాన్ని త్రోసిపుచ్చారు. 1568 క్రిస్మస్ వేళ తిరుగుబాటు మొదలై 1571 దాకా సాగింది. 1570లో గ్రనడా మొరిస్కోలను వేల సంఖ్యలో కాస్టీలు ఊళ్లకు తరలించారు. చలిలో, కాలినడకన, దారిలో ఎందరో చనిపోయారు. 1609లో దేశం నుంచే వెళ్లగొట్టడం ప్రారంభించి 1614కు ముగించారు. వెళ్లినవారు సుమారు 3 లక్షలు.

ఈ కాలంలో అరబ్బీ చదవగలవారి అవసరం మాత్రం తీరలేదు. అల్ హమ్రా గోడల మీది రాతలను రాజు కోసం తర్జుమా చేసినవాడు అలోన్సో దెల్ కస్తియ్యో అనే మొరిస్కో వైద్యుడు. తిరుగుబాటు కాలంలో పట్టుబడిన అరబ్బీ లేఖలను ప్రభుత్వానికి విప్పి చెప్పినవాడూ ఆయనే. 1588లో పాత మినారును కూల్చుతుండగా ఒక పెట్టెలో తోలుపత్రం దొరికింది. 1595 నుంచి ఊరి బయటి కొండ మీద అరబ్బీ రాతలున్న సీసపు రేకులు దొరకసాగాయి. తొలి శతాబ్దపు క్రైస్తవ సాధువులు అరబ్బులని, వారు రాసినవే ఆ రేకులని వాటిలో ఉన్నది. గ్రనడా క్రైస్తవులు పరవశించిపోయారు. వాటిని తర్జుమా చేయడానికి పిలిచింది ఇదే కస్తియ్యోను, మీగెల్ దె లూనా అనే మరొక మొరిస్కోను. ఆ రేకులను తయారుచేసిందీ వారేనని పండితుల బలమైన అనుమానం. అరబ్బీ భాషకు ఆ గడ్డ మీద చోటు మిగలాలని పన్నిన ఉపాయం కాబోలు. 1682లో పోపు వాటిని కల్పితమని ప్రకటించాడు.

భాషను గురించి మరొక దారి తొక్కినవాడు అంతకు నూరేళ్లకు ముందున్న సెగోవియా ముఫ్తీ ఈసా. 1456లో ఒక క్రైస్తవ పండితుని కోరిక మీద ఆయన ఖుర్ఆన్‌ను కాస్టీలు భాషలోకి తర్జుమా చేశాడు. 1462లో షరీఅత్ విధులను అదే భాషలో గ్రంథంగా రాశాడు. కాస్టీలు ముస్లింలు తమ సంపదతోపాటు అరబ్బీ పాఠశాలలనూ పోగొట్టుకొన్నారని, అందువల్ల వారికి అర్థమయ్యే భాషలో రాయక తప్పలేదని కారణం చెప్పుకొన్నాడు. తరువాతి తరాలు అదే స్పానిష్‌ను అరబ్బీ లిపిలో రాసి దాచుకొన్నాయి. 1884లో అరగాన్ ప్రాంతపు అల్మొనాసీద్ అనే ఊరిలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే, దొంగ నేల కింద ఇటువంటి రాతప్రతుల రాశి బయటపడింది.

వెళ్లగొట్టబడినవారు తూనీసియాలో కట్టుకొన్న ఊరు తస్తూర్. అక్కడ వీధులు తిన్నగా ఉంటాయి, మధ్యలో స్పానిష్ పద్ధతి చౌకు ఉంటుంది. మస్జిదు మినారు స్పెయిన్ గంటల బురుజులా ఉండి, దాని మీద గడియారమున్నది. స్పెయిన్ వారిని పరాయివారని పంపివేసింది. వారు కట్టింది స్పెయిన్ ఊరినే.

గ్రనడా నుంచి బయలుదేరేటప్పుడు బస్సులో చివరి సుల్తాను కన్నీరు కార్చిన కనుమ కథ చెబుతారు. ఆ కథ పదహారవ శతాబ్దపు ఒక క్రైస్తవ మతాధికారి రచనలలో కనిపిస్తుంది. ముస్లిం యాత్రికులు కూడా దానిని కళ్లు తడిచేసుకొని వింటారు. నూన్యెస్ మూలే పేరు ఆ బస్సులో వినిపించదు.

ఆయన కాపాడమన్న హమ్మాములలో ఒకటి మిగిలింది. అల్ హమ్రా కొండ కింద, దర్రో వాగు వెంబడి, ఒక మామూలు ఇంటి వెనుక అది ఉన్నది. పదకొండవ శతాబ్దానిదని చాలాకాలంగా చెబుతున్నారు. స్నానాలు ఆగిపోయిన తరువాత ఆ వాడ ఆడవాళ్లు బట్టలు ఉతుక్కొనే చోటుగా మారింది. ఎవరికో పనికివస్తూ ఉన్నందువల్ల కాబోలు, ఎవరూ కూల్చలేదు. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ప్రభుత్వం దానిని కొని, శిల్పి తోర్రెస్ బల్బాస్ చేత మరమ్మతు చేయించింది. చల్లని గది, వెచ్చని గది, వేడి గది వరుసగా ఉన్నాయి. పాత కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టిన స్తంభాలు ఒకదానితో ఒకటి పోలవు. పైకప్పులోని నక్షత్రాకారపు రంధ్రాల గుండా పడే వెలుతురు, పొద్దు తిరిగినకొద్దీ నేల మీద జరుగుతూ ఉంటుంది.